నడుమ ఎవడో మారుస్తుండు

ఇది ఒక వీరగాథ. ఇందులో రాజ్యం ఉంది, రాజ్యాన్ని ఎదిరించిన ఒంటరి మనిషి ఉన్నాడు, ఠాణా ఉంది, ఖైదుకు సిద్ధపడి సర్దుకున్న సంచి ఉంది, చివర్లో మరణం కూడా ఉంది. పర్వాలు పర్వాలుగా రాయదగ్గ సరుకు. రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే రాజ్యం అంటే ఓ వార్డు లీడరు. ఒంటరి మనిషి అంటే నాచారం పారిశ్రామికవాడలో నట్లకూ బోల్టులకూ కాపలా కాసే స్టోర్‌కీపరు. ఠాణాలో గడిపింది రెండు గంటలు. సంచిలో ఉన్నవి నాలుగు చపాతీలు, ఒక తువ్వాల, పళ్లపొడి డబ్బా. మరణం మాత్రం నిజమే. అదీ షుగరు వల్ల.

మొన్న నాచారం చౌరస్తాలో ఆయన ఫ్లెక్సీ చూసి బండి ఆపాను. కొత్త రాష్ట్రం వచ్చిన సంబరంలో చౌరస్తా అంతా ఫ్లెక్సీలే. చేతులు జోడించిన నాయకులు, వాళ్ల చుట్టూ తపాలా బిళ్లల సైజులో అనుచరులు. ఆ గుంపు మధ్య, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, తువ్వాలంత ఫ్లెక్సీలో మామ. కింద 'అశ్రునివాళి' అని ఉంది. ఫ్లెక్సీ చేసినవాడు ఎవరిదో కోటు తెచ్చి ఆయనకు తొడిగాడు. బతికున్నన్నాళ్లూ తన రాతలో ఒక్క మాట మారినా ఒప్పుకోని మనిషికి చచ్చాక బట్టలే మార్చేశారు. ఫ్లెక్సీ కింద కామెంట్లు పెట్టే వీలుండదు కాబట్టి ఊరుకున్నాడు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. మా వైపు మామ అనిపించుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఎదురింట్లో ఉంటే చాలు. వీధి వీధంతా వెనకాల 'కామెంటు మామ' అనేది. ముఖం మీద అన్నా బాధపడేవాడు కాదు. బిరుదనుకునేవాడు.

ఇంటర్నెట్ రాకముందు ఇరవై ఏళ్లు ఆయన పత్రికల సంపాదకులకు పోస్టుకార్డులు రాశాడు. వీధి దీపాల మీద, నల్లా నీళ్ల మీద, ప్రపంచశాంతి మీద. ఏడాదికి ఒకటో రెండో అచ్చయ్యేవి, అవి కూడా సగం కోసేసి. "ఆ కోసిన ముక్కలు ఏడ పారేస్తరో ఎర్కుంటే పోయి ఏరుకొచ్చుకుందును అల్లుడా" అని ఒకసారి నాతో అన్నాడు. అప్పుడు నేను డిగ్రీ ఆఖరు సంవత్సరం. తెలివి ఎక్కువై, "ఇంటర్నెట్ల ఎవ్వడు కోయడు మామా, ఎంత రాస్తే అంత వస్తది" అన్నాను. దేశంలో ఆరోజు ఎవరూ ఇంతకంటే ఖరీదైన సలహా ఇచ్చి ఉండరు.

మర్నాటి నుంచి, సాయంత్రం ఆరు కొట్టేసరికి, షిఫ్టు దిగి టిఫిను డబ్బాతో నేరుగా ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చేవాడు. అది ఒక షట్టరులో ఆరు కంప్యూటర్లు పెట్టిన దుకాణం. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. మేం బాబాయ్ అనేవాళ్లం. లోపలికి వచ్చినవాళ్లు గుర్తింపు కార్డు నకలిచ్చి, రిజిస్టరులో పేరూ అడ్రసూ రాయాలని నియమం. మామ ఆ నియమానికి మొదటిరోజే అడ్డం తిరిగాడు.

"సార్, మీ పేరు కూడా రాయాలండీ" అన్నాడు బాబాయ్.

"నేనెందుకు రాయాలె? నేను మిషన్ ముట్టిన్నా? మాట్లాడుతున్న. మాట్లాడెటోనికి గూడ రిజిస్టరుందా మీ తాన?"

"కుర్చీలో కూర్చుంటున్నారు కదండీ."

"అట్లయితే కుర్చీల రిజిస్టరు పెట్టు. దాంట్ల సంతకం జేస్త."

కుర్చీల రిజిస్టరు లేదు. అందుకని నాలుగో నంబరు కంప్యూటర్ ఎదురుగా రోజూ నా పేరే పడేది, నా కాలేజీ కార్డు నకలే ఉండేది. ప్రజాస్వామ్యంలో ఆయన గొంతు, నా సంతకం. పని విభజన బాగానే కుదిరింది.

మామ కూర్చునే తీరు ఒకటి ఉంది. కుర్చీని రుమాలుతో రెండుసార్లు దులిపి, కంప్యూటర్‌కు వీపు పెట్టి, నావైపు కాక షట్టరువైపు తిరిగి కూర్చునేవాడు. స్క్రీన్ చూస్తే కళ్లు గుంజుతాయని అలా. కళ్లజోడు పెట్టుకుంటే ముసలివాడనుకుంటారని నలుగురిలో పెట్టుకోడు. కళ్లు మూసుకుని, చూపుడువేలు పైకెత్తి, "ఆఁ, కొట్టు" అనేవాడు. వేలు కిందికి దిగితే వాక్యం అయిపోయినట్టు. ఒక్కోసారి ఆ వేలు పావుగంట దిగేది కాదు. పక్క సీట్లలో క్రికెట్ స్కోరు చూసుకునే పోరగాళ్లందరూ, ఇష్టం ఉన్నా లేకున్నా, ఆయన రాజకీయ వ్యాసం పూర్తిగా వినాల్సిందే. అసలైన ప్రచురణ ఆ షట్టరు లోపలే జరిగిపోయేది. నేను చేసేది గుమాస్తా పని.

రాసేది ఒక చర్చావేదికలో. రాష్ట్రం కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఒకరినొకరు నరుక్కోవడానికి ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన సైటు. అక్కడ అందరికీ అగ్గిపెట్టె మీద రాసుకోదగ్గ పేర్లు. జ్వాల, నిప్పుకణం, పిడుగు. మామకు నేను 'నాచారం నాలుక' అని పెట్టాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, "మంచిగున్నది, గని జర గంభీరం తక్కువైంది" అన్నాడు.

తెలుగు కొట్టే పద్ధతి చూసిన రోజు ఆయనకు అనుమానం మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెరమీద తెలుగు పడుతోంది. ఒకసారి వెనక్కి తిరిగి, కళ్లు చికిలించి చూశాడు.

"నువ్వు ఇంగ్లీషుల కొడుతున్నవ్. ఆడ తెలుగు వస్తున్నది."

"అవ్ మామా. అదే మార్చుకుంటది."

"అదే అంటే ఎవడు?"

"ఎవడు లేడు. సాఫ్ట్‌వేర్."

"మనిషి లేకుండ ఎట్ల మారుతది? నడుమ ఎవడో మారుస్తుండు." వేలు మళ్లీ పైకెత్తాడు. "మారిస్తే మార్చనీ. కొట్టు."

ఆనాటి నుంచి ఆ 'ఎవడో' మా మధ్య మూడో మనిషిలా కూర్చున్నాడు. పేజీ తెరుచుకోకపోతే, "ఆపిన్రు సూడు." కరెంటు పోతే, "ఫ్యూజు గుంజిన్రంటే ఎంత భయపడ్డరో సూడు." మా వైపు రోజూ సాయంత్రం కరెంటు కోత ఉండేది. ఆ వేళలు పేపర్లో వేసేవారు. ఆ పేపరు మామ ఇంటికే వచ్చేది. అయినా ప్రభుత్వం తన ఒక్కడి కోసం నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ మొత్తం చీకటి చేస్తోందని నమ్మడంలో ఉన్న సుఖాన్ని ఎవరు వదులుకుంటారు? ఎక్కడో సైట్లు మూయిస్తున్నారని, నొప్పించే రాతలకు జైలుకు పంపే సెక్షన్ ఉందని పేపర్లో చదివినప్పుడల్లా ఆయన ముఖం కళకళలాడేది. ఆ సెక్షన్ కింద తన పేరు కూడా రాసి ఉన్నట్టు మురిసిపోయేవాడు.

ఇక నా సంగతి. చెప్పక తప్పదు.

మామ వాక్యానికి తల ఉండేది, తోక ఉండేది, మధ్యలో ఏడెనిమిది నడుములు ఉండేవి. "ప్రజల నెత్తురు జలగల లెక్క పీల్చి, రాయి మీద రాయి వెట్టి, ఆ రాళ్లతోనే కడుపు నింపుకున్న దగాకోరు దళారి" అని ఆయన చెబితే, మొదట్లో అంతా కొట్టాను. వారం తిరిగేసరికి వేళ్లు పడిపోయాయి. రెండో వారం జలగలను తీసేశాను. మూడో వారం నెత్తురు పోయింది. నెల తిరిగేసరికి అదే వాక్యం 'సరిగా పనిచేయని నాయకుడు' అయింది. సగం బద్ధకం, సగం రిజిస్టరులో ఉన్న నా సంతకం. రెంటిలో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు. దాన్ని సెన్సారు అంటారని అప్పుడు తోచలేదు. టైము కలిసొస్తుందనుకున్నాను.

అంతా అయ్యాక "సదువు" అనేవాడు. తెరమీద ఉన్నది చదివితే దొరికిపోతాను కదా. అందుకని ఆయన చెప్పిందే గుర్తుపెట్టుకుని, జలగలతో సహా, అప్పజెప్పేవాణ్ని. కళ్లు మూసుకుని తల ఊపుతూ వినేవాడు. సంగీతం వింటున్నట్టు.

ఒక్కసారి మాత్రం దొరకబోయాను. ఎవరో పాఠకుడు 'చక్కగా, మర్యాదగా చెప్పారు సార్' అని జవాబు పెట్టాడు. చదివి వినిపించాను. మామ వేలు గాలిలోనే ఆగిపోయింది.

"మర్యాదగ జెప్పిన్నా నేను?"

"వాడు భయపడి అట్ల రాసిండు మామా."

"ఆఁ. అది." వేలు దిగింది.

మా వీధి చివర కాలవ మీద కల్వర్టు కట్టాలి. దానికి వార్డు లీడరు మూడుసార్లు శంకుస్థాపన చేశాడు. మూడు రాళ్లు వరసగా నిలబడ్డాయి, కల్వర్టు మాత్రం రాలేదు. దీని మీద మామ ఓ సాయంత్రం పూనకం వచ్చినట్టు చెప్పాడు. నేను అలవాటు ప్రకారం రక్తమాంసాలు తీసేసి, ఎముకలు మాత్రం కొట్టాను. ఒక్క వాక్యం నచ్చి ఉంచేశాను: 'ఆ మూడు రాళ్లనూ కాలవలో వేసి ఉంటే ఈపాటికి దాటుతుండేవాళ్లం.'

ఆ వాక్యమే కొంప ముంచింది. లీడరు మనిషి ఒకడు దాన్ని ప్రింటు తీయించుకుని ఠాణాలో ఇచ్చాడు, అన్న గౌరవానికి భంగం కలిగిందని. పేరులోనే నాచారం ఉంది కాబట్టి కానిస్టేబుల్ నేరుగా వచ్చి బాబాయ్ రిజిస్టరు తిరగేశాడు. నాలుగో నంబరు ఎదురుగా నా పేరు, నా అడ్రసు, కాలేజీ కార్డులో నా వెర్రి నవ్వు. బాబాయ్ లుంగీ మీదే మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏవయ్యా, నీకసలు బుద్ధుందా? నా షట్టరు మూయించేస్తావా ఏంటి? ఆ రాళ్ల గొడవ నీకెందుకు? నువ్వేమన్నా ఆ కాలవ దాటాలా?"

"రోజు దాటుతా బాబాయ్."

"దాటితే దూకు! అందరూ దూకట్లా?"

ఇక్కడ ఒక మాట. నాకప్పుడే ఉప్పల్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. చేరాలంటే పోలీసు వెరిఫికేషన్ కాగితం కావాలి. అంటే, నా మీద ఏ కేసూ లేదని అదే ఠాణా రాసివ్వాలి. కేసు పడిందా, ఉద్యోగం లేదు. మా నాన్న ఫ్యాక్టరీలో లేఆఫ్ నడుస్తోంది కాబట్టి 'పోతే పోనీ' అనే వైభవం మా ఇంట్లో లేదు. పొద్దున పదింటికి రమ్మన్నారు. తిండి సయించలేదు. జోకులు కూడా రాలేదు, అది ఇంకా ఇబ్బంది.

వెళ్లేసరికి మామ అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. బాబాయ్ చెప్పాడట. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుట బొట్టు, ఒళ్లో సంచి. లగ్నానికి ముందే వచ్చి కూర్చున్న పెళ్లికొడుకులా ఉన్నాడు.

"వచ్చినవా అల్లుడా. నువ్వు వాపస్ పో. రాసింది నేనని జెప్పిన."

"సంచేంది మామా?"

"నాలుగొద్దులకు సరిపడ. మీ అత్త సర్దింది."

రాతకోతలు చూసే కానిస్టేబుల్‌ను ఠాణాలో రైటర్ అంటారు. ఆ రైటర్ యాభై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని, మా ప్రింటు కాగితంతో విసురుకుంటున్నాడు. పక్కన లీడరు మనిషి నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా, ఇది నువ్వు రాసినవా?" అన్నాడు రైటర్.

"నేనే. ముందుగల్ల రాసినయి, ఇంక రాయబొయ్యేయి, అన్నీ నేనే."

"కంప్యూటరొస్తదా?"

"రాదు. నాకు మాటొస్తది."

"గట్లనా. ఏం రాసినవో జెప్పు, సూద్దాం."

మామ కళ్లు మూసుకున్నాడు. వేలు పైకి లేచింది. ఠాణా అని చూడలేదు, లీడరు మనిషి ఉన్నాడని చూడలేదు, మొదలెట్టాడు. ఒక్క మాట మరిచిపోలేదు. రైటర్ కాగితం మీద వేలు పెట్టి వెంట నడవబోయి, మొదటి అడుగులోనే తప్పిపోయాడు.

"ఆగాగు. జలగలు ఏడున్నయి దీంట్ల?"

"రెండో లైన్ల."

"రెండో లైన్ల 'అధికారులు తగు చర్య తీసుకోవాలి' అని ఉన్నది."

మామ కళ్లు తెరిచాడు. లేచి, రైటర్ నుదుటి మీది కళ్లజోడును అడక్కుండానే తీసి పెట్టుకుని, కాగితం లాక్కున్నాడు. ఏడాదిపాటు 'తను రాసిన' దాన్ని ఆయన కళ్లతో చదవడం అదే మొదటిసారి. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అందులో ఆ నెల సెలవులన్నీ నాకు ఇప్పటికీ గుర్తే.

"గిది నాది గాదు" అన్నాడు. మెల్లగా అన్నాడు. అంతవరకూ ఆయన మెల్లగా మాట్లాడగా నేను వినలేదు. కాగితం ఇంకోసారి చదివాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అల్లుడా. నువ్వు నేను జెప్పినట్టే కొట్టినవు గద?"

రైటర్ చూస్తున్నాడు. లీడరు మనిషి చూస్తున్నాడు. మామ చూస్తున్నాడు, ఎవరిదో కళ్లజోడులోంచి, కళ్లు రెండింతలై.

"కొట్టిన మామా" అన్నాను.

ఆ ముఖం ఎలా వెలిగిందో చెప్పడం నాకు చేతకాదు, చెప్పాలనీ లేదు. "అయితే మార్చిన్రు!" అని అరిచాడు. "నేను మొదటిరోజే అన్న. నడుమ ఎవడో మారుస్తుండు అన్న. ఎవడన్న ఇన్నడా? నా రాతను సర్కారు దిద్దింది! రాయి సార్. సర్కారు మీద ఫిర్యాదు రాయి. నేను జెప్త."

రైటర్ నన్ను చూశాడు. ఒకటే చూపు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి జనం చెప్పింది ఒకటీ, తాను కాగితం మీద పెట్టింది ఒకటీ అయిన మనిషి. తన వృత్తివాణ్నే గుర్తుపట్టినట్టు చూశాడు. తన కళ్లజోడు తాను తీసుకుని, తెల్లకాగితం ముందేసుకుని, "ఆఁ, జెప్పు" అన్నాడు.

మామ ముప్పావు గంట చెప్పాడు. రాజ్యాంగం దగ్గర మొదలై, జలగల మీదుగా, పోస్టుకార్డుల కాలం దాకా వెళ్లి వచ్చాడు. రైటర్ కలం మధ్యమధ్య కదిలింది. అంతా అయ్యాక మామ, "సదువు" అన్నాడు. రైటర్ తడుముకోకుండా చదివాడు, జలగలతో సహా. మామ కళ్లు మూసుకుని తల ఊపాడు. అడ్డంగా సంతకం పెట్టాడు.

నేను పక్క నుంచి చూశాను. కాగితం మీద రెండే వాక్యాలున్నాయి: 'పై రాతకూ నాకూ ఎటువంటి సంబంధం లేదు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.'

లీడరు మనిషి గొణిగాడు. "మరి మా అన్నను తిట్టింది?"

"ఏడ తిట్టిండు? తగు చర్య తీస్కోవాలె అంటే తిట్టా?"

"రాళ్లు కాలవల వెయ్యమన్నడు."

"అది సలహా" అన్నాడు రైటర్. "పోన్రి పోన్రి, అందరు పోన్రి."

బయటికి వచ్చాక, సంచిలో చపాతీలు ఎలాగూ ఉన్నాయని, ఠాణా గోడ పక్కన కూర్చుని ఇద్దరం తిన్నాం. నెలలోపే నా వెరిఫికేషన్ కాగితం మచ్చలేకుండా వచ్చింది. ఉద్యోగంలో చేరాను.

మామ మాత్రం మళ్లీ ఆ సెంటర్ మెట్లు ఎక్కలేదు. "దాంట్ల ఎంత జెప్పినా మార్చి వెడ్తరు. పేపరోళ్లు నయం. కోస్తరు గని మార్చరు" అని పోస్టుకార్డులకు తిరిగి వెళ్లిపోయాడు. చాయ్ హోటల్లో, ఫ్యాక్టరీ గేటు దగ్గర, పెళ్లిళ్లలో, ఒకసారి చావులో కూడా, సర్కారు తన రాతను దిద్దిన వైనం చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ దిద్దిన అధికారి హోదా పెరిగేది. చివరికి అది ఢిల్లీ దాకా వెళ్లింది. వీధిలో నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాణ్ని.

నిజం చెబుదామని ఒక్కసారి అనుకున్నాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల పక్కన, బస్సు కోసం నిలబడ్డాం. షుగరుతో బాగా చిక్కిపోయాడు. "ఒక్కటే బాధ అల్లుడా" అన్నాడు. "అసలుది ఎవ్వడు సదవలే."

"బస్సొస్తుంది మామా" అన్నాను. నిజంగానే వస్తోంది.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు దినాలకు వెళ్లాను. అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మీ మామ రాసినయి కంప్యూటర్ల ఉంటయంట గద బిడ్డా. మార్చినయే కానీ, జర కాయిదం మీద తీసియ్యి. ఫొటో పక్కన వెడ్త."

అక్కడే ఫోనులో సైటు తెరిచాను. పేరు నేను పెట్టిందే, పాస్‌వర్డూ నాదే. రెండూ కొట్టాను. ఇటువంటి ఖాతా లేదంది. పాత చర్చల్లో వెతికాను. కల్వర్టు లేదు, రాళ్లు లేవు, నేను అతికించిన 'తగు చర్య' కూడా లేదు. ఠాణా గుర్తొచ్చింది, లీడరు గుర్తొచ్చాడు, ఆ సెక్షన్ గుర్తొచ్చింది. అత్తమ్మ ఎదురుగా నిలబడే ఉంది.

"తీసేసిన్రు అత్తమ్మా" అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, లోపల కూర్చున్న చుట్టాల దగ్గరకు వెళ్లింది. "మొత్తం తీసేసిన్రంట. ఒక్కటి గూడ ఉంచలే" అంది, తల కొంచెం ఎత్తి. ఎవరో నాలుక చప్పరించారు. మూల నుంచి ఒక ముసలాయన, "గంత రాసిండా!" అన్నాడు. ఆ ఇంట్లో మామ రాత గురించి ఎవరైనా నవ్వకుండా మాట్లాడటం అప్పుడే విన్నాను.

ఇంటికి వచ్చి సైటు నిబంధనల పేజీ చదివాను. వరుసగా తొమ్మిది నెలలు లాగిన్ కాని ఖాతాలు, వాటిలోని రాతలతో సహా, వాటంతట అవే రద్దవుతాయి.